పచ్చి కాఫీ గింజ: ఒక సన్నబడే మందు మూడేళ్ళ వైభవం



ఆ మధ్య రంపచోడవరం వెళ్ళినప్పుడు, పూర్వపరిచయం గల ఒక అంగన్‌వాడీ కార్యకర్త సంచిలోంచి ఒక పొట్లం తీసి నా ముందు పెట్టింది. దాని మీద పచ్చని కొండలు, కాఫీ కొమ్మ, సన్నని నడుముతో నవ్వుతున్న ఒక యువతి. లోపల ఆకుపచ్చ ఛాయ గల పొడి. "డాక్టరుగారండీ, ఉదయం ఒక చెంచా, రాత్రి ఒక చెంచా తాగితే నెలలో అయిదు కిలోలు తగ్గుతారటండి. ఇది మన మన్యం కాఫీ గింజే కదండీ, మనకేం చెడు చేస్తుంది?" అని అడిగింది. రాత్రి భోజనం మానేసి దీన్ని తాగుతోందట. ఆమె కింది కనురెప్ప లాగి చూశాను. లోపలి పొర పాలిపోయి ఉంది.

ఆమె ప్రశ్న నన్ను చాలా దూరం తీసుకుపోయింది. "మనదే కదా, మంచిదే కదా" అన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో, ఆ పొట్లం మీది మాట ఎక్కడ పుట్టిందో వేరువేరుగా చూడాలి. మొదటిది నిజమైన చరిత్ర. రెండవది ఒక వ్యాపార చరిత్ర. ఈ రెండూ ఒకే గింజ చుట్టూ తిరిగాయి కనుక మనం తేలికగా పొరబడతాము.

కొండకు కాఫీ వచ్చిన దారి

కాఫీ అనగానే మనకు అరకు గుర్తుకు వస్తుంది. కాని తూర్పు కనుమలలో కాఫీ మొదట వేళ్ళూనినది అరకులో కాదు. 1898లో బ్రాడీ అనే ఆంగ్లేయుడు నాటి గోదావరి మన్యంలో, పాములేరు లోయలో, కాఫీ మొక్కలు నాటించాడు. రంపచోడవరం నుంచి మారేడుమిల్లి మీదుగా భద్రాచలం వైపు పోయే ఘాట్ రోడ్డులో ప్రయాణించినవారికి పాములేరు వాగు తెలిసే ఉంటుంది. అక్కడి నుంచి కాఫీ పుల్లంగికి, గూడెం కొండలకు పాకింది. 1920ల నాటికి అరకు, పాడేరు, అనంతగిరి, మినుములూరు, లంబసింగి ప్రాంతాలకు చేరింది.

ఆ తరువాతి కథ నెమ్మదిగా నడిచింది. గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది. 1960లలో అటవీశాఖ రిజర్వు అడవుల్లో కాఫీ తోటలు పెంచింది. 1985లో వాటిని అటవీ అభివృద్ధి సంస్థకు అప్పగించారు. పోడు వ్యవసాయం మీద బతికే కుటుంబాలకు చెట్ల నీడలో కాఫీని ఒక ఆదాయ మార్గంగా చూపించారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. పాములేరులో మొదటి మొక్కకూ ఆ గుర్తింపుకూ మధ్య 121 సంవత్సరాలు గడిచాయి.

కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేళ్ళకు గాని కాపుకు రాదు. ఎర్రగా పండిన కాయను చేత్తో ఏరాలి, తొక్క తీయాలి, కడగాలి, ఎండబెట్టాలి. ఈ గింజ పేరు సంపాదించుకున్నది ఇంత ఓపికతో. ఇప్పుడు అదే గింజ మరోచోట ఎంత వేగంగా పేరు సంపాదించిందో చూడండి.

వార్త పుట్టిన దారి

వేయించని కాఫీ గింజలో క్లోరోజెనిక్ ఆమ్లం అనే పదార్థం సమృద్ధిగా ఉంటుంది. వేయించినప్పుడు అందులో చాలా భాగం నశిస్తుంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన అప్లైడ్ ఫుడ్ సైన్సెస్ అనే సంస్థ పచ్చి గింజల నుంచి ఒక సారాన్ని తయారుచేసింది. దానితో బరువు తగ్గుతుందని చూపించేందుకు 2010లో భారతదేశంలో పరిశోధకులకు డబ్బిచ్చి ఒక పరీక్ష చేయించింది. ఆ పరీక్ష జరిగినది బెంగళూరులో, మనకు పొరుగునే.

పరీక్షలో పాల్గొన్నవారు 16 మంది. ప్రతి ఒక్కరూ వంతులవారీగా ఎక్కువ మోతాదు, తక్కువ మోతాదు, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడారు. మొత్తం వ్యవధి 22 వారాలు. సగటున 8 కిలోల బరువు తగ్గారని 2012 జనవరిలో ఒక వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. శరీర బరువులో పదవ వంతు! వైద్యవృత్తిలో జీవితం గడిపినవాడిగా చెబుతున్నాను: ఇంత గొప్ప ఫలితం ఇంత చిన్న పరీక్షలో కనబడితే సంతోషం కంటే ముందు సందేహం రావాలి.

సందేహం రాలేదు. 2012 ఏప్రిల్‌లో మెహ్‌మెట్ ఓజ్ అనే ప్రసిద్ధ గుండె శస్త్రవైద్యుడు తన టెలివిజన్ కార్యక్రమంలో పచ్చి కాఫీ గింజను ఆకాశానికెత్తారు. అతిథిగా వచ్చిన లిండ్సే డంకన్, 12 వారాలలో 17 పౌండ్లు, అంటే సుమారు ఏడున్నర కిలోలు, తగ్గవచ్చని చెప్పారు. ఆహార నియమం అక్కరలేదు, వ్యాయామం అక్కరలేదు అన్నారు. కార్యక్రమానికి ఒప్పుకొన్న తరువాత, అది ప్రసారం కాకముందే, ఆయన ఆ సారాన్ని అమ్మే ఏర్పాట్లు మొదలుపెట్టారని తరువాత అమెరికా ప్రభుత్వ సంస్థ ఆరోపించింది.

కొద్ది వారాలలోనే ఫ్లోరిడాలో "ప్యూర్ గ్రీన్ కాఫీ" అనే బ్రాండు వెలిసింది. నెలకు సరిపడే సీసా ధర సుమారు 50 డాలర్లు. వార్తాపత్రికలను పోలిన నకిలీ వార్తల పేజీలు, టెలివిజన్ కార్యక్రమపు ముక్కలు దానికి ప్రకటనలయ్యాయి. ఆ ఏడు సెప్టెంబరులో ఓజ్ మళ్ళీ సుమారు వందమంది మహిళలతో రెండు వారాల ప్రయోగం చేయించారు. సారం వాడినవారు సగటున రెండు పౌండ్లు, ఉత్తుత్తి మాత్ర వాడినవారు ఒక పౌండు తగ్గారని చూపించారు. తేడా అర కిలో కూడా లేదు. ఒక పూట ఎక్కువ నీళ్ళు తాగినా, తక్కువ తాగినా తులాభారంలో అంత తేడా వస్తుంది.

పతనం

2014 మే నెలలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్యూర్ గ్రీన్ కాఫీ అమ్మకందారులపై దావా వేసింది. జూన్‌లో సెనేట్ ఉపసంఘం ఓజ్‌ను పిలిపించి ప్రశ్నించింది. తన మాటలలో అలంకారం ఎక్కువైందని ఆయన ఒప్పుకొన్నారు.

అసలు దెబ్బ సెప్టెంబరులో పడింది. పరీక్ష చేయించిన సంస్థపైనే కమిషన్ ఆరోపణలు చేసింది. బెంగళూరు పరీక్షలో ప్రధాన పరిశోధకుడు బరువులు తదితర కొలతలను పదేపదే మార్చాడని, పరీక్షా కాలాన్ని మార్చాడని, ఎవరు మందు వాడారో ఎవరు ఉత్తుత్తి మాత్ర వాడారో కూడా కలగాపులగం చేశాడని పేర్కొంది. వ్యాసాన్ని ప్రచురించుకోలేకపోయినప్పుడు, సంస్థ స్క్రాంటన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు ఆచార్యులకు డబ్బిచ్చి దాన్ని తిరిగి రాయించిందట. మరొక విషయం వినండి. "ఆహార నియమం లేకుండా, వ్యాయామం లేకుండా" అని పత్రికా ప్రకటనలో చాటుకున్నారు గదా, పరీక్షలో ఉన్నవారికి తిండి తగ్గించుకోమని, వ్యాయామం పెంచుకోమని ముందే చెప్పారని కమిషన్ తేల్చింది.

సంస్థ 35 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొంది. అక్టోబరులో, మూల సమాచారం నిజమని పరీక్ష చేయించినవారు పూచీ పడలేకపోతున్నారంటూ, ఆ ఇద్దరు ఆచార్యులు వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. 2015 జనవరిలో డంకన్, ఆయన సంస్థలు 90 లక్షల డాలర్లకు రాజీ పడ్డారు. ఏప్రిల్ 2012లో లేచిన వైభవం మూడేళ్ళు నిండకుండానే కూలిపోయింది. కాఫీ మొక్క మొదటి కాపుకు రావడానికి పట్టే కాలం కూడా అది నిలవలేదు.

బ్రాండు పడిపోయింది, మాట మిగిలింది

పాఠకులారా, నేను ఈ కథ చెప్పడానికి కారణం ఇక్కడే ఉంది. సీసా మీది పేరు పోయింది. సంస్థ జరిమానా కట్టింది. వ్యాసం రద్దయింది. కాని "పచ్చి కాఫీ తాగితే సన్నబడతారు" అన్న మాట మాత్రం సముద్రం దాటి వచ్చి, రంపచోడవరంలో ఒక అంగన్‌వాడీ కార్యకర్త సంచిలో కూర్చుంది. అబద్ధానికి ఆధారం కూలిన తరువాత కూడా అబద్ధం బతకగలదు. ఎందుకంటే ఆధారం కూలిన వార్తను ఎవరూ పొట్లం మీద అచ్చువేయరు.

ఇది ఒక్క కాఫీ గింజకే పరిమితం కాదు. 1933 నుంచి అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని బరువు తగ్గడానికి మింగారు. కొందరికి కంటి శుక్లాలు వచ్చాయి, కొందరు చనిపోయారు. 1938 తరువాత గాని అది అంగడి వీడలేదు. సిబూట్రమిన్ అనే మందును మన వైద్యులం కూడా రాసినవాళ్ళమే. గుండెకు ప్రమాదమని తేలి 2011లో మన దేశంలో నిషేధించారు. ప్రతిసారీ వరుస ఒకటే: ముందు ఒక ఆకర్షణీయమైన అంకె, తరువాత ఒక వైద్యుడి నోటి మాట, ఆపైన వ్యాపారం, చిట్టచివర నిజం. నిజం చివరికి వస్తుంది కనుక ముందు నష్టపోయేది వాడినవారే.

గింజలో ఉన్నదేమిటి?

మితంగా తాగే కాఫీ ఆరోగ్యవంతులకు హాని చేయదు. అయితే పచ్చి గింజ పొడిలోనూ కెఫీన్ ఉంటుంది. మోతాదు మించితే నిద్ర పట్టదు, గుండె దడ వస్తుంది, రక్తపోటు పెరగవచ్చు. గర్భవతులు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటరాదు. ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. క్లోరోజెనిక్ ఆమ్లం వంటి పదార్థాలు ఆకుకూరలు, చోళ్ళు, పప్పుల నుంచి లభించే ఇనుమును పేగు గ్రహించకుండా అడ్డుపడతాయి. రక్తహీనత గల స్త్రీ భోజనం మాని, భోజన వేళకు పచ్చి కాఫీ తాగితే, తగ్గేది కొవ్వు కాదు, రక్తం.

మన చట్టాల గురించి కూడా తెలుసుకోండి. స్థూలకాయాన్ని నయం చేస్తామంటూ మందులను ప్రకటించడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధిస్తోంది. 2016 నాటి ఆహార భద్రతా నియమాల ప్రకారం, ఆరోగ్య అనుబంధ ఆహారంగా అమ్మే పొట్లం మీద అది మందుగా వాడదగినది కాదని రాయాలి. ఆ వాక్యం ఉందో లేదో చూడండి. ఉంటే, దాని పైన పెద్ద అక్షరాలలో ఉన్న వాగ్దానాన్ని ఆ చిన్న అక్షరాలే కొట్టివేస్తున్నాయని గ్రహించండి.

ఇకపై ఎవరైనా సన్నబడే పొడి తెస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎంతమంది మీద పరీక్షించారు? ఎంతకాలం? ఖర్చు ఎవరు భరించారు? పరీక్షలో ఉన్నవారు తిండి, నడక కూడా మార్చుకున్నారా? పచ్చి కాఫీ కథలో ఈ నాలుగింటికీ జవాబు మొదటి రోజే అడిగి ఉంటే, ఆ సీసాలు అమ్ముడుపోయేవి కావు.

ఆ అంగన్‌వాడీ కార్యకర్తకు నేను పొట్లం పారేయమని చెప్పలేదు. రాత్రి భోజనం మానవద్దని, కాఫీ తాగాలనిపిస్తే భోజనానికి గంట దూరంగా తాగమని, ముందు ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ చూపించుకోమని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఇది మన కాఫీ కాదంటారా?" అని అడిగింది.

గింజ మన కొండదే కావచ్చునమ్మా, దాని మీద రాసిన మాట మాత్రం మనది కాదు అన్నాను.