అరిచే బ్రేకు కరవదు

కారు బ్రేకు కీచుమంటే మనకొచ్చే మొదటి అనుమానం బ్రేకు పాడైపోయిందని. రెండో అనుమానం మెకానిక్కు మనల్ని ముంచాడని. చాలాసార్లు రెండూ నిజం కావు. అరిచే కుక్క కరవదని మనకో సామెత ఉంది కదా, బ్రేకుల చరిత్ర చదువుతుంటే అది కార్లకి కూడా సరిపోతుందనిపిస్తుంది. నూట ఇరవై ఏళ్ళకి పైగా ఇంజనీర్లు ఈ అరుపు ఆపటానికి పడని పాట్లు లేవు. వాటిల్లో ఒక మందు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. అరుపు తగ్గింది గానీ, మనుషులు పోయారు. ఆ సంగతే ఇక్కడ రాద్దామని.

ముందు అరుపు సంగతి. నల్లబల్ల మీద సుద్దముక్క చేసే చప్పుడు, కందెన లేని ఎడ్లబండి ఇరుసు కిర్రుమనటం, వయొలిన్ తీగ మీద కమాను పలికించే స్వరం, ఇవన్నీ ఒరిపిడి పుట్టించిన అన్నదమ్ములే. బ్రేకు కీచు సుమారు 1,000 నించి 16,000 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. (అన్నట్టు, ఏ శాస్త్రవేత్త పేరు మీద ఈ కొలత వచ్చిందో ఆ హైన్‌రిష్ హెర్ట్జ్ 1857లో పుట్టింది నేనుంటున్న ఈ హాంబర్గ్‌లోనే.) బండి ఇరుసుకైతే కందెన పూస్తే సరిపోతుంది. బ్రేకుకి పూస్తే అరుపు ఆగుతుంది, బండి ఆగదు. చిక్కంతా ఇదే. ఏ ఒరిపిడి అరుపు పుట్టిస్తోందో, అదే మన ప్రాణం కాపాడుతోంది.

కారుకి డిస్క్ బ్రేకు పెట్టొచ్చని ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. పల్చటి లోహపు పళ్ళేన్ని రెండువైపుల నించీ రాగి దిమ్మెలు పట్టుకోవాలి. ఆలోచన బంగారంలాంటిది. కానీ లోహం మీద లోహం రాస్తే ఏమవుతుంది? వీధి వీధంతా చెవులు మూసుకునేంత అరుపు. ఆ కాలపు దుమ్ము రోడ్ల మీద రాగి కూడా త్వరత్వరగా అరిగిపోయేది. దాంతో డిస్క్ బ్రేకు అటకెక్కింది.

ఇంకోపక్క డెర్బీషైర్ కొండల్లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897 నించి గుర్రబ్బళ్ళ బ్రేకుల మీద పనిచేస్తున్నాడు. తన పేరులోని అక్షరాల్నే అటూ ఇటూ చేసి కంపెనీకి ఫెరోడో అని పేరు పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దంలో ఆయన బ్రేకు లైనింగుల్లోకి రాతినార, అంటే ఆస్బెస్టాస్ తెచ్చాడు. అది వేడికి కాలదు, పట్టు వదలదు, లోహంలా అరవదు, పైగా చవక. ఇంతకన్నా ఏం కావాలి? తర్వాత డెబ్భై ఎనభై ఏళ్ళు ప్రపంచంలో కార్లు, లారీలు చాలావరకు రాతినార మీదే ఆగాయి.

ఇక్కడ మన ఊళ్ళ ప్రస్తావన కూడా ఉంది. కడప జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె ప్రాంతంలో తెల్ల రాతినార గనులుండేవి. రాయిని చీలిస్తే పత్తిలాగా పోగులు పోగులుగా వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ పోగు కంటికి కనపడనంత సన్నగా విరిగి గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే, తేలిగ్గా బయటికి రాదు. ఇరవై, ముప్ఫై, ఒక్కోసారి నలభై ఏళ్ళ తర్వాత జబ్బు బయటపడుతుంది.

"అప్పట్లో తెలీదు పాపం" అనుకుంటాం గానీ, తెలుసు. ఇంగ్లండులో 1924లోనే నెల్లీ కెర్షా అనే మిల్లు కార్మికురాలి మరణం వైద్య పత్రికకెక్కింది. జర్మనీ 1936లో ఆస్బెస్టోసిస్‌ని వృత్తివ్యాధిగా గుర్తించింది, 1943లో దానితోపాటు వచ్చే ఊపిరితిత్తుల కేన్సర్నీ ఆ జాబితాలో చేర్చింది. హాంబర్గ్‌లో బెర్గెడోర్ఫ్ అనే పేటలో రాతినార ఫ్యాక్టరీ ఉండేది. అందులో ఎన్నడూ పనిచెయ్యకుండా, చుట్టుపక్కల కాపురమున్న పాపానికే మీసోథీలియోమా అనే అరుదైన కేన్సర్ వచ్చినవాళ్ళ గురించి 1970లలో ఇక్కడి వైద్యులు రాశారు. అయినా జర్మనీలో పూర్తి నిషేధం వచ్చేసరికి 1993 అయింది. యాభై ఏడేళ్ళు! తెలియటానికీ ఆపటానికీ మధ్య అంత దూరం. మన దేశం 1986లో రాతినార గనులకి కొత్త లీజులు ఆపింది, 1993లో పాత లీజుల పొడిగింపు కూడా ఆపింది. దిగుమతి మాత్రం ఆగలేదు.

స్పోర్ట్స్ కార్లది ఇంకో దారి. అటకెక్కిన డిస్క్ బ్రేకుని విమానాలవాళ్ళు దింపారు, వాళ్ళ దగ్గర్నించి రేసులవాళ్ళు అందుకున్నారు. 1953లో ల మాన్ 24 గంటల రేసులో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ సీ-టైప్ డన్‌లప్ డిస్క్ బ్రేకులతో గెలిచింది. సగటు వేగం గంటకి సుమారు 170 కిలోమీటర్లు. డ్రమ్ములున్న కార్లు వేడెక్కి పట్టు కోల్పోతుంటే, ఇది మలుపు దగ్గర అందరికన్నా ఆలస్యంగా బ్రేకు వేసి ముందుకెళ్ళిపోయింది. 1955లో సిట్రోయెన్ డీఎస్‌తో డిస్కులు మామూలు కుటుంబాల కార్లలోకి కూడా వచ్చాయి. వాటితోపాటే లాంచెస్టర్ నాటి పాత అరుపూ వచ్చింది.

ఈ అరుపు ఎందుకొస్తుందో తేల్చటానికి చాలా కాలం పట్టింది. వేగం తగ్గేకొద్దీ ఒరిపిడి పెరగటం వల్లనని 1930లలో మిల్స్ అన్నాడు. అది కాదు, దిమ్మె ఆనుకునే కోణంలో ఉంది కిటుకంతా అని 1961లో స్పర్ అన్నాడు. ఒరిపిడి మారకుండా ఉన్నా సరే, రెండు రకాల కంపనాలు కలిసిపోతే అరుపు పుడుతుందని 1972లో నార్త్ లెక్కకట్టి చూపించాడు. 2002లో నార్బర్ట్ హాఫ్‌మన్, ఆయన సహచరులు ఆ సంగతినే వీలైనంత చిన్న నమూనాలోకి కుదించారు. హాఫ్‌మన్ తర్వాత ఇక్కడి హాంబర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. ఆయన బృందమే ఈమధ్య బ్రేకు అరుపుని పసిగట్టటానికి, ముందే ఊహించటానికి డీప్ లెర్నింగ్ వాడి చూసింది.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు థ్రెడ్లు, విడివిడిగా పరీక్షిస్తే ఏ తప్పూ లేదు. కలిపి నడిపితే, అదీ ఒక్కోసారే, కూలబడతాయి. బ్రేకులోనూ అంతే. డిస్కు బాగుంది, ప్యాడు బాగుంది, క్యాలిపర్ బాగుంది. కానీ రెండు కంపనాల పౌనఃపున్యాలు దగ్గరికి జరిగి ఒకటైతే, ఒకదానికొకటి బలమిచ్చుకుంటూ గోల మొదలెడతాయి. వాన పడితే ఉంటుంది, ఎండ కాస్తే పోతుంది. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే అస్సలు రాదు!

అందుకే రోగనిర్ణయానికి ఒక వరస ఉండాలి. మొదట అడగాల్సింది, ఇది కీచా, గరగరా అని. గరగర అయితే ప్యాడు అరిగి ఇనుము ఇనుముని కోస్తోందేమో. బండి పక్కన పెట్టేయండి. కీచైతే ప్యాడు మందం చూడాలి. చాలా ప్యాడ్లకి చిన్న ఉక్కు రేకు ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్లు మిగిలేసరికి అది డిస్కుకి తగిలి అరుస్తుంది. అరవటానికే పెట్టిన రేకది, దాని నోరు నొక్కకూడదు. మందం ఉంటే, రాత్రి తడికి పట్టిన తుప్పా అని చూడాలి. హాంబర్గ్ తేమలో ఇది రోజూ ఉండేదే, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. అదీ కాకపోతే చక్రం విప్పాల్సిందే.

నా పాత రెండు సీట్ల కారుకి గంటల లెక్కన అద్దెకిచ్చే వర్క్‌షాపులో అలాగే విప్పి చూశాను. ప్యాడు బోల్డంత ఉంది గానీ ముఖం అద్దంలా మెరిసిపోయింది. క్యాలిపర్ జరగాల్సిన పిన్నులు ఎండిపోయాయి. పిన్నులు శుభ్రం చేసి వాటి గ్రీజు పెట్టి, అంచులు ఏటవాలుగా కోసిన కొత్త ప్యాడ్లు, వాటి వెనక సన్నటి షిమ్ములు వేశాను. తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకి 60 నించి 10కి ఓ పదిసార్లు మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ నడిపాను. ఇవన్నీ చేసేది ఒకటే పని, ఆ రెండు కంపనాల్ని విడదియ్యటం. చలి ఉదయాలు ఇప్పటికీ ఒకటి రెండుసార్లు కీచుమంటుంది. వేడిలో పట్టు వదలకూడదని లోహం ఎక్కువ కలిపిన ప్యాడ్లవి, చల్లగా ఉన్నప్పుడు ఆ మాత్రం అరుస్తాయి. అరవనీ.

రాతినార పోయాక ప్యాడ్లలోకి ఏం వచ్చిందంటే, ఉక్కు నార, అరమిడ్ నార, రాగి, బరువుకీ నింపుడుకీ బెరైటీస్. ఈ బెరైటీస్ మన ముగ్గురాయే! రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోకెల్లా పెద్ద ముగ్గురాయి నిక్షేపమంటారు. ఒకప్పటి కడప జిల్లా ఒక చివర చంపే నార, ఇంకో చివర దాని తర్వాత వాడుకున్న పొడి, రెండూ ఇచ్చింది. ఇక రాగి సంగతి. బ్రేకుల్లో అరిగి వాననీళ్ళతో ఏళ్ళల్లో చేరి సాల్మన్ చేపల వాసన పట్టే శక్తిని దెబ్బతీస్తోందని, 2010లో అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు దాన్ని అంచెలంచెలుగా తగ్గించే చట్టాలు చేశాయి. యూరప్‌లో 2024లో ఆమోదించిన యూరో 7 నియమాలు బ్రేకు నించి రాలే ధూళికి మొదటిసారి హద్దు పెట్టాయి. చెవికి వినపడేదాన్ని వదిలి, కంటికి కనపడనిదాన్ని కొలవటం ఇప్పటికి మొదలయిందన్నమాట.

ఇంటి దగ్గర పాత బళ్ళున్నవాళ్ళకి ఒక్క మాట. షెడ్డులో బ్రేకు డ్రమ్ము విప్పి కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదటం మనకి మామూలు. పాత లైనింగుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఊదొద్దని చెప్పండి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవరులో కట్టి పారెయ్యమనండి. ముఖ్యంగా అక్కడ పానాలు అందించే కుర్రాడిని ఆ టైములో దూరంగా ఉండమనండి. బ్రేకు అరుపుతో వాడికేం కాదు. ఆ దుమ్ము మాత్రం వాడికి నలభై ఏళ్ళొచ్చాక గుర్తు చేస్తుంది.