2016 ఇండియన్ ప్రీమియర్ లీగ్ ప్లేఆఫ్స్

2016 ఇండియన్ ప్రీమియర్ లీగ్ ప్లేఆఫ్స్ అనేవి భారతదేశపు ట్వంటీ-20 క్రికెట్ లీగ్ అయిన ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐపీఎల్) తొమ్మిదవ సీజన్ విజేతను నిర్ణయించడానికి జరిగిన నాలుగు పోటీలు. ఇవి 2016 మే 24 నుంచి మే 29 వరకు బెంగళూరు, ఢిల్లీ నగరాలలో జరిగాయి. లీగ్ దశలో మూడవ స్థానం పొందిన సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టు వరుసగా మూడు పోటీలు గెలిచి తొలిసారి టైటిల్ సాధించింది. ఫైనల్లో రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరు జట్టును 8 పరుగుల తేడాతో ఓడించింది. 2011లో ప్లేఆఫ్ పద్ధతి ప్రవేశపెట్టినప్పటి నుంచి 2025 సీజన్ వరకు ఎలిమినేటర్ పోటీ ఆడి కూడా విజేతగా నిలిచిన జట్టు ఇది ఒక్కటే.

నేపథ్యం

హైదరాబాదు నగరానికి ఐపీఎల్‌లో మొదట ప్రాతినిధ్యం వహించిన జట్టు డెక్కన్ ఛార్జర్స్. 2008లో చిట్టచివరి స్థానంలో నిలిచిన ఆ జట్టు, దక్షిణాఫ్రికాలో జరిగిన 2009 సీజన్‌లో ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో విజేత అయింది. జొహాన్నెస్‌బర్గ్‌లో జరిగిన ఆ ఫైనల్లోనూ ప్రత్యర్థి బెంగళూరు జట్టే. తేడా 6 పరుగులు. 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు డెక్కన్ ఛార్జర్స్ ఒప్పందాన్ని రద్దు చేయడంతో ఆ జట్టు కనుమరుగైంది. తరువాత నిర్వహించిన వేలంలో సన్ టీవీ నెట్‌వర్క్ హైదరాబాదు ఫ్రాంచైజీని దక్కించుకొని సన్‌రైజర్స్ జట్టును ఏర్పాటు చేసింది. ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం కొత్త జట్టుకు కూడా సొంత మైదానమైంది.

తొలి సీజన్ అయిన 2013లోనే సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్‌కు చేరింది. కాని ఢిల్లీలో జరిగిన ఎలిమినేటర్‌లో రాజస్థాన్ రాయల్స్ చేతిలో ఓడిపోయింది. 2014, 2015 సీజన్లలో ప్లేఆఫ్స్‌కు అర్హత పొందలేదు. 2016లో ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ వార్నర్ జట్టు నాయకుడు కాగా, టామ్ మూడీ ప్రధాన శిక్షకుడిగా, ముత్తయ్య మురళీధరన్ బౌలింగ్ శిక్షకుడిగా, హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్.లక్ష్మణ్ మార్గదర్శకుడిగా వ్యవహరించారు.

ఆ సీజన్‌లో చెన్నై సూపర్ కింగ్స్, రాజస్థాన్ రాయల్స్ జట్లు రెండేళ్ళ నిషేధంలో ఉండగా, వాటి స్థానంలో గుజరాత్ లయన్స్, రైజింగ్ పుణె సూపర్‌జెయింట్స్ జట్లు వచ్చాయి.

ప్లేఆఫ్ పద్ధతి

2008 నుంచి 2010 వరకు ఐపీఎల్‌లో సాధారణ సెమీఫైనల్స్ ఉండేవి. 2011 నుంచి పేజ్ ప్లేఆఫ్ పద్ధతిని అనుసరిస్తున్నారు. ఇది ఆస్ట్రేలియాలోని విక్టోరియా ఫుట్‌బాల్ లీగ్‌లో 1931లో మొదలైన పద్ధతి. దీని ప్రకారం:

* మొదటి రెండు స్థానాలలోని జట్లు క్వాలిఫయర్-1 ఆడతాయి. గెలిచిన జట్టు నేరుగా ఫైనల్‌కు వెళ్తుంది.
* మూడు, నాలుగు స్థానాలలోని జట్లు ఎలిమినేటర్ ఆడతాయి. ఓడిన జట్టు నిష్క్రమిస్తుంది.
* క్వాలిఫయర్-1లో ఓడిన జట్టు, ఎలిమినేటర్‌లో గెలిచిన జట్టుతో క్వాలిఫయర్-2 ఆడుతుంది. గెలిచిన జట్టు ఫైనల్‌కు చేరుతుంది.

లీగ్ దశలో బాగా ఆడిన జట్లకు మేలు చేయడం ఈ పద్ధతి ఉద్దేశం. నాలుగు జట్లూ సమాన బలం గలవనుకుంటే, మొదటి రెండు స్థానాల జట్లకు ఒక్కొక్కదానికి టైటిల్ గెలిచే అవకాశం 37.5 శాతం. మూడు, నాలుగు స్థానాల జట్లకు అది 12.5 శాతం మాత్రమే. మొదటి రెండు జట్లకు ఒకసారి ఓడినా మరో అవకాశం ఉంటుంది. మిగిలిన రెండింటికి ఒక్క ఓటమితోనే ప్రయాణం ముగుస్తుంది.

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌తో పోలిస్తే ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. అక్కడ లీగ్ ఛాంపియన్‌షిప్ సీరీస్‌లో రెండు జట్ల మధ్య ఏడు ఆటల వరకు జరుగుతాయి, ముందుగా నాలుగు గెలిచిన జట్టు పైదశకు వెళ్తుంది (1985 నుంచి). ఒక రోజు చెడిపోయినా మరునాడు సరిదిద్దుకొనే వీలుంటుంది. ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లో మాత్రం ప్రతి దశా ఒకే ఆటతో తేలిపోతుంది.

వేదికలు

ఫైనల్ మొదట ముంబాయిలోని వాంఖెడే స్టేడియంలో జరగవలసి ఉంది. ఆ ఏడాది మహారాష్ట్రలో తీవ్రమైన కరవు ఏర్పడింది. మైదానాల నిర్వహణకు నీటిని వాడడంపై దాఖలైన వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు ఏప్రిల్ 30 తరువాతి పోటీలను రాష్ట్రం వెలుపలికి తరలించవలసిందిగా ఏప్రిల్‌లో ఆదేశించింది. దీనితో ఫైనల్ బెంగళూరులోని ఎం.చిన్నస్వామి స్టేడియానికి మారింది. ఫలితంగా బెంగళూరు జట్టుకు ఫైనల్‌ను సొంత మైదానంలో ఆడే అవకాశం కలిగింది. ఎలిమినేటర్, క్వాలిఫయర్-2 పోటీలు ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా మైదానంలో జరిగాయి (2019లో దీనికి అరుణ్ జైట్లీ స్టేడియం అని పేరు మార్చారు).

లీగ్ దశ ముగింపు

లీగ్ దశలో ఒక్కొక్క జట్టు 14 పోటీలు ఆడింది. గుజరాత్ లయన్స్ 18 పాయింట్లతో ప్రథమ స్థానం పొందింది. బెంగళూరు, హైదరాబాదు, కోల్‌కత నైట్ రైడర్స్ జట్లు మూడూ 16 పాయింట్లతో సమానంగా నిలవగా, నెట్ రన్‌రేట్ ఆధారంగా వరుసగా రెండు, మూడు, నాలుగు స్థానాలు పొందాయి.

సన్‌రైజర్స్ తన తొలి రెండు పోటీలలోనూ, చివరి రెండు పోటీలలోనూ ఓడిపోయింది. మే 20న రాయపూర్‌లో ఢిల్లీ డేర్‌డెవిల్స్ చేతిలోను, మే 22న ఈడెన్ గార్డెన్స్‌లో కోల్‌కత చేతిలోను పరాజయం పొందడంతో మొదటి రెండు స్థానాలలో నిలిచే అవకాశం చేజారింది. మూడు రోజుల తరువాత ఎలిమినేటర్‌లో అదే కోల్‌కత జట్టును ఎదుర్కోవలసి వచ్చింది.

పోటీల వివరాలు

క్వాలిఫయర్-1 (మే 24, బెంగళూరు)

గుజరాత్ లయన్స్ 20 ఓవర్లలో 158 పరుగులకు ఆలౌటైంది. డ్వేన్ స్మిత్ 73 పరుగులు చేయగా, షేన్ వాట్సన్ 29 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. లక్ష్యసాధనలో బెంగళూరు 29 పరుగులకే 5 వికెట్లు కోల్పోయింది. ధవళ్ కులకర్ణి 14 పరుగులకే 4 వికెట్లు సాధించాడు. ఆ దశలో ఎ.బి. డివిలియర్స్ 47 బంతుల్లో 79 పరుగులు (నాటౌట్) చేసి, ఇక్బాల్ అబ్దుల్లా తోడ్పాటుతో 18.2 ఓవర్లలో 4 వికెట్ల విజయం అందించాడు. దీనితో బెంగళూరు ఫైనల్‌కు చేరింది.

ఎలిమినేటర్ (మే 25, ఢిల్లీ)

మొదట బ్యాటింగ్ చేసిన సన్‌రైజర్స్ 20 ఓవర్లలో 8 వికెట్లకు 162 పరుగులు చేసింది. కుల్‌దీప్ యాదవ్ ఒకే ఓవరులో హెన్రిక్స్, వార్నర్‌లను ఔట్ చేయడంతో జట్టు తడబడినా, యువరాజ్ సింగ్ 30 బంతుల్లో 44 పరుగులు చేసి ఆదుకున్నాడు. కోల్‌కత 8 వికెట్లకు 140 పరుగులు మాత్రమే చేయగలిగింది. భువనేశ్వర్ కుమార్ 19 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. 31 పరుగులు చేసి, 2 వికెట్లు కూడా తీసిన మోయిజెస్ హెన్రిక్స్‌కు మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అవార్డు లభించింది. విజయంలో తేడా 22 పరుగులు. మూడు రోజుల ముందు కోల్‌కత చేతిలో సన్‌రైజర్స్ ఓడింది కూడా సరిగ్గా 22 పరుగుల తేడాతోనే.

క్వాలిఫయర్-2 (మే 27, ఢిల్లీ)

ఈ పోటీకి సన్‌రైజర్స్ ముఖ్య బౌలర్లలో ఒకడైన బంగ్లాదేశ్ ఆటగాడు ముస్తాఫిజుర్ రహమాన్ గాయం వల్ల దూరమయ్యాడు. అతని స్థానంలో ట్రెంట్ బౌల్ట్ ఆడాడు. గుజరాత్ లయన్స్ 7 వికెట్లకు 162 పరుగులు చేసింది. ఆరన్ ఫించ్ 50 పరుగులు సాధించాడు.

లక్ష్యసాధనలో సన్‌రైజర్స్ వికెట్లు ఒక వైపు నుంచి పడిపోతూనే ఉన్నాయి. శిఖర్ ధావన్ పరుగులేమీ చేయకుండానే రనౌటయ్యాడు. 117 పరుగుల వద్ద ఆరవ వికెట్ పడింది. రెండవ వైపున నిలిచిన నాయకుడు వార్నర్‌కు ఎడమచేతి ఆటగాడు బిపుల్ శర్మ జతకలిశాడు. బిపుల్ 11 బంతుల్లోనే 27 పరుగులు (నాటౌట్) చేశాడు. వార్నర్ 58 బంతుల్లో 93 పరుగులతో అజేయంగా నిలిచాడు. 19.2 ఓవర్లలో 4 వికెట్ల తేడాతో గెలిచిన సన్‌రైజర్స్ తొలిసారి ఫైనల్‌కు చేరింది. లీగ్ దశలో ప్రథమ స్థానం పొందిన గుజరాత్ వరుసగా రెండు ఓటములతో నిష్క్రమించింది.

ఫైనల్ (మే 29, బెంగళూరు)

చిన్నస్వామి స్టేడియం చిన్న మైదానం. లక్ష్యాన్ని ఛేదించడం అక్కడ సులభమని పేరు. బెంగళూరు నాయకుడు విరాట్ కోహ్లి ఆ సీజన్‌లో నాలుగు శతకాలు చేసి అసాధారణమైన ఫామ్‌లో ఉన్నాడు. అయినా టాస్ గెలిచిన వార్నర్ మొదట బ్యాటింగ్‌నే ఎంచుకున్నాడు.

వార్నర్ 38 బంతుల్లో 69 పరుగులు, యువరాజ్ 23 బంతుల్లో 38 పరుగులు చేశారు. చివరలో బెన్ కటింగ్ కేవలం 15 బంతుల్లో 39 పరుగులు (నాటౌట్) సాధించాడు. వాట్సన్ వేసిన ఆఖరి ఓవరులో 24 పరుగులు వచ్చాయి. సన్‌రైజర్స్ 7 వికెట్లకు 208 పరుగులు చేసింది. అప్పటికి ఐపీఎల్ ఫైనల్స్‌లో ఇదే అత్యధిక స్కోరు. 2023లో గుజరాత్ టైటాన్స్ 214 పరుగులు చేసేవరకు ఈ రికార్డు నిలిచింది.

బెంగళూరు ఇన్నింగ్స్‌ను క్రిస్ గేల్, కోహ్లి ధాటిగా ప్రారంభించారు. గేల్ 38 బంతుల్లో 8 సిక్సర్లతో 76 పరుగులు చేశాడు. 10.3 ఓవర్లలో 114 పరుగులు వచ్చాక అతనిని కటింగ్ ఔట్ చేశాడు. 54 పరుగులు చేసిన కోహ్లిని బరీందర్ శరణ్ బౌల్డ్ చేశాడు. వెంటనే డివిలియర్స్‌ను బిపుల్ శర్మ 5 పరుగులకే వెనక్కి పంపాడు. వికెట్ నష్టం లేకుండా 114 నుంచి 4 వికెట్లకు 160 పరుగుల స్థితికి ఇన్నింగ్స్ మారిపోయింది. ఆఖరి ఓవరులో 18 పరుగులు కావలసి ఉండగా భువనేశ్వర్ 9 పరుగులు మాత్రమే ఇచ్చాడు. బెంగళూరు 7 వికెట్లకు 200 పరుగుల వద్ద ఆగిపోయింది.

భువనేశ్వర్‌కు ఈ పోటీలో ఒక్క వికెట్ కూడా దక్కలేదు. కాని ఇరు జట్లూ కలిపి 408 పరుగులు చేసిన ఆటలో అతడు 4 ఓవర్లకు 25 పరుగులే ఇచ్చాడు. తుది తేడా 8 పరుగులే కావడాన్ని బట్టి ఈ పొదుపు విలువను అంచనా వేయవచ్చు. 39 పరుగులతో పాటు 2 వికెట్లు తీసిన కటింగ్ మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌గా ఎంపికయ్యాడు.

విజేత జట్టు

ఫైనల్లో ఆడిన సన్‌రైజర్స్ జట్టు: డేవిడ్ వార్నర్ (నాయకుడు), శిఖర్ ధావన్, మోయిజెస్ హెన్రిక్స్, యువరాజ్ సింగ్, దీపక్ హుడా, బెన్ కటింగ్, నమన్ ఓఝా (వికెట్ కీపర్), బిపుల్ శర్మ, భువనేశ్వర్ కుమార్, బరీందర్ శరణ్, ముస్తాఫిజుర్ రహమాన్.

ఈ పదకొండు మందిలో తెలుగు రాష్ట్రాల ఆటగాడు ఒక్కడూ లేడు. ఐపీఎల్‌లో ఆటగాళ్ళను వేలం ద్వారా ఎంచుకోవడం వల్ల నగరం పేరుతో ఆడే జట్టుకు, ఆ నగరపు ఆటగాళ్ళకు సంబంధం ఉండాలన్న నియమం లేదు.

వ్యక్తిగత గణాంకాలు

* అత్యధిక పరుగులు (ఆరెంజ్ క్యాప్): విరాట్ కోహ్లి, 973 పరుగులు. రెండవ స్థానం వార్నర్, 848 పరుగులు.
* అత్యధిక వికెట్లు (పర్పుల్ క్యాప్): భువనేశ్వర్ కుమార్, 23 వికెట్లు.
* వర్ధమాన ఆటగాడు: ముస్తాఫిజుర్ రహమాన్.
* ప్లేఆఫ్స్‌లో వార్నర్ పరుగులు: 28, 93 (నాటౌట్), 69. మొత్తం 190.

ప్రాముఖ్యత

2011 నుంచి 2025 వరకు జరిగిన 15 సీజన్లలో ఎలిమినేటర్ గెలిచి ఫైనల్ వరకు వచ్చిన జట్లు మూడే. చెన్నై సూపర్ కింగ్స్ (2012), సన్‌రైజర్స్ హైదరాబాదు (2016), కోల్‌కత నైట్ రైడర్స్ (2021). వీటిలో చెన్నై, కోల్‌కత ఫైనల్లో ఓడిపోయాయి.

హైదరాబాదు నగరానికి ఇది రెండవ ఐపీఎల్ టైటిల్. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కేంద్రంగా గల తెలుగు చలనచిత్ర పరిశ్రమకు చెందిన నటుల జట్టు తెలుగు వారియర్స్ కూడా అదే 2016లో సెలబ్రిటీ క్రికెట్ లీగ్ విజేత కావడం విశేషం.

తరువాతి కాలం

సన్‌రైజర్స్ 2016 నుంచి 2020 వరకు ప్రతి సీజన్‌లోనూ ప్లేఆఫ్స్‌కు చేరింది. 2018 ఫైనల్లో చెన్నై చేతిలోను, 2024 ఫైనల్లో కోల్‌కత చేతిలోను ఓడిపోయింది. రెండు సార్లూ 8 వికెట్ల తేడాయే. గుజరాత్ లయన్స్ జట్టు 2017 సీజన్ తరువాత రద్దయింది. 2009, 2011, 2016 ఫైనల్స్‌లో పరాజయం పొందిన బెంగళూరు జట్టు చివరకు 2025లో పంజాబ్ కింగ్స్‌పై 6 పరుగుల తేడాతో గెలిచి తొలి టైటిల్ సాధించింది. 2016లో ఆఖరి ఓవరు వేసి ఆ జట్టును నిలువరించిన భువనేశ్వర్ కుమార్ 2025లో బెంగళూరు జట్టు సభ్యుడే.

ఇవి కూడా చూడండి

* ఇండియన్ ప్రీమియర్ లీగ్
* సన్‌రైజర్స్ హైదరాబాదు
* డెక్కన్ ఛార్జర్స్
* వి.వి.ఎస్.లక్ష్మణ్
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం