బళ్ళారి కలెక్టరు, తెలుగు వ్యాకరణం, నా ‘బట్’

అర్ధవార్షిక పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు నా ఇంగ్లీషు పేపర్లో ఒకే మాట మూడు చోట్ల ఎర్రసిరాతో కొట్టేసి ఉండింది. ఆ మాట ‘బట్’. నేను రాసిన వాక్యం ఇది: ‘ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ ఐ కేమ్ టు స్కూల్.’ ఆల్దో ఉన్నచోట బట్ రాకూడదు, రెండింటిలో ఒకటే ఉండాలి అని సార్ చెప్పారు. ఎందుకు రాకూడదు సార్ అని అడిగాను. "నీ తప్పు ఇంగ్లీషులో పుట్టలేదు, తెలుగులో పుట్టింది. ఇంటికి పోయి వెతుకు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది కానీ వెతికాను.

వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కరలేకపోయింది. ఆ సాయంత్రం తడిసి ఇంటికి వస్తే మా అవ్వ, "ఇంత వానొచ్చినా గానీ బడికి పోతివి కదా!" అనింది. అంతే, దొరికింది. ‘వచ్చినా’ అనే మాటలో ఆల్దో ఉంది. ‘గానీ’లో బట్ ఉంది. మనం మాట్లాడేటప్పుడు రెండూ కలిపి వాడుతాం, ఎవరూ తప్పనరు. అదే అలవాటుతో ఇంగ్లీషులో రెండూ రాసేశాను.

ఈ సంగతి సోషల్ సార్‌కు చెప్తే ఆయన ఇంకో కథ చెప్పారు. రెండు వందల ఏళ్ళ కిందట ఇదే తిప్పలు ఇంగ్లీషువాళ్ళు తెలుగుతో పడ్డారట. అందులో ఒకాయన మన బళ్ళారికే కలెక్టరుగా వచ్చాడట. ఆయన పేరు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్. ఈ వ్యాసం ఆయన గురించీ, మన బడుల గురించీ, ఇంగ్లీషులో కంజంక్షన్ అనే ఆ చిన్న మాటల గురించీ.

పై వాక్యంలో ‘గురించీ’ అని మూడుసార్లు దీర్ఘం తీశాను, గమనించారా? అదే మన ‘అండ్’. అమ్మా నాన్నా వచ్చారు, నేనూ నువ్వూ పోదాం, ఉప్పూ కారం వేశారా? చివరి అచ్చును సాగదీస్తే చాలు, మాటలు కలిసిపోతాయి. మన వ్యాకరణంలో దీన్ని సముచ్చయం అంటారు. పాత గ్రంథాల్లో ‘రాముడును లక్ష్మణుడును’ అని ఉండేది, వాడుకలో ఆ ‘ను’ పోయి దీర్ఘం మిగిలింది. ఇప్పుడు నోటీసుల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ కనబడే ‘మరియు’ పాత మాటే, కాని పాత పుస్తకాల్లో దానికి ‘ఇంకా, అంతేకాక’ అని అర్థం. రెండు పేర్ల మధ్య దాన్ని పెట్టడం ‘అండ్’ను తెలుగులోకి దించడం వల్ల పెరిగిన అలవాటు. మా అవ్వ జన్మలో ‘ఉప్పు మరియు కారం’ అనలేదు.

లండన్ నుంచి ఓడలో వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడిని ఊహించుకోండి. ‘అండ్’కు తెలుగు మాట ఏది అని పంతుల్ని అడుగుతాడు. పంతులు ఏమని చెప్పాలి? మాట లేదు నాయనా, సాగదీత ఉంది అనాలి!

అలాంటి కుర్రవాళ్ళకోసమే మద్రాసులో 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టారు. కంపెనీ ఉద్యోగులు అక్కడ తెలుగు, తమిళం, కన్నడం నేర్చుకుని జిల్లాలకు పోవాలి. క్యాంప్‌బెల్ ఆ కాలేజీ బోర్డుకు కార్యదర్శి. 1816లో ఆయన ఇంగ్లీషులో రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది, 1821లో తెలుగు నిఘంటువు వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది, అంటే ఇది దానికి 42 ఏళ్ళు ముందు. అంతకుముందు మనకు వ్యాకరణాలు లేవని కాదు. అప్పకవీయం లాంటివి ఉన్నాయి, కాకపోతే అవి పద్యాల్లో ఉన్నాయి, కవుల కోసం రాసినవి. భాష రానివాడికి మొదటి మెట్టు నుంచి నేర్పేవి కావు.

ఆ 1816 పుస్తకంలో నాకు ఎక్కువ నచ్చింది క్యాంప్‌బెల్ రాసిన భాగం కాదు, ముందు చేర్చిన ఒక వివరణ. దాన్ని రాసింది మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని అప్పటి ఇంగ్లీషు పండితులు అనుకునేవారు. ఎల్లిస్ తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టి, ఈ మూడూ ఒకే కుటుంబం, సంస్కృతానిది వేరే కుటుంబం అని చూపించాడు. అందుకు పట్టాభిరామశాస్త్రి, మామిడి వెంకయ్య లాంటి మనవాళ్ళ పని ఆయనకు ఆధారమయింది. కాల్డ్వెల్ ద్రావిడ భాషల పుస్తకం 1856లో వచ్చింది. అందరికీ ఆ పేరే తెలుసు. ఎల్లిస్ 1819లోనే చనిపోయాడు.

మోకలో ఉండేవాళ్ళకు ఎల్లిస్ చెప్పింది రుజువు చేయడానికి పుస్తకం అవసరం లేదు. బస్టాండులో నిలబడితే చాలు. తెలుగులో ‘అమ్మా నాన్నా వచ్చారు’, కన్నడలో ‘అప్పనూ అమ్మనూ బందరు’. అదే దీర్ఘం. మనం ‘వాన వచ్చినా’ అంటే వాళ్ళు ‘మళె బందరూ’ అంటారు. మనది ‘ఎందుకంటే’, వాళ్ళది ‘యాకెందరె’. రెండూ విడదీస్తే ‘ఎందుకు అని అంటే’ అనే వస్తుంది. ఇంకా వింతైన విషయం ఒకటుంది. అయితే, అయినా, కాని, కాబట్టి, కావున, కాకపోతే, ఇవన్నీ ‘అవు’ అనే ఒక్క క్రియ పిల్లలు. కన్నడలో కూడా ఆదరె, ఆదరూ, ఆద్దరింద, అన్నీ ‘ఆగు’ అనే క్రియ పిల్లలే. మా క్లాసులో కన్నడ ఇంట్లో మాట్లాడేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళూ ఆల్దో తర్వాత బట్ రాశారు! తప్పు కూడా కుటుంబంలో వస్తుందన్నమాట.

ఇంగ్లీషు కంజంక్షన్ విడిగా నిలబడే మాట. వాక్యం మొదట్లోనే, రెండు ముక్కల మధ్యనో కూర్చుంటుంది. మనది క్రియ తోకకు అంటుకుని ఉంటుంది. వస్తే అంటే ఇఫ్, వచ్చినా అంటే ఆల్దో, వచ్చాక అంటే ఆఫ్టర్. ‘ఇంటికి వచ్చి, అన్నం తిని, నిద్రపోయాడు’ అనే వాక్యంలో ఒక్క కలిపే మాట కూడా విడిగా లేదు, కానీ మూడు పనులూ కలిసే ఉన్నాయి. ఇది తెలియకుండా ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో అని ఏడు మాటల మొదటి అక్షరాలతో ‘ఫ్యాన్‌బాయ్స్’ అని కంఠస్థం చేస్తే, నాలాగే పేపరంతా ఎర్రసిరా అవుతుంది. నేను ఫ్యాన్‌బాయ్స్ తడబడకుండా చెప్పగలను. అయినా మూడు మార్కులు పోయాయి.

ఇక క్యాంప్‌బెల్ కలెక్టరుగా చేసిన పని. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. మన్రోకు ఈ సీమ కొత్త కాదు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఇక్కడే ఉన్నాడు, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయింది కూడా ఇక్కడే. బళ్ళారి నుంచి క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. అప్పటి జిల్లాలో అనంతపురం, ఆదోని, రాయదుర్గం అన్నీ ఉన్నాయి. జనాభా 9,27,857. బడులు 533. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4, బ్రాహ్మణులకు సంస్కృతంలో చెప్పేవి 23. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి! చదివే పిల్లలు 6,641 మంది, అంటే వెయ్యిమంది జనానికి సుమారు ఏడుగురు. ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? అరవై మంది. నా ఒక్క స్కూల్లోనే అంతకంటే ఎక్కువమంది ఉన్నాం.

ఆ బడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్ళు. పొద్దున అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, అంటే పొగడ్తా లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ ఒకటి ఎక్కువ. మా బస్సు వచ్చే టైముకు నా చెయ్యి ఏమయ్యేదో! పెద్దపిల్లలే చిన్నపిల్లలకు పాఠం చెప్పే పద్ధతిని క్యాంప్‌బెల్ బాగా మెచ్చుకున్నాడు, ఇంగ్లండులో దీన్ని అనుకరించడం న్యాయమే అన్నాడు.

మెచ్చుకున్నవాడే తప్పు కూడా పట్టాడు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెప్తారు కానీ చిలక కంటే ఎక్కువ అర్థం తెలియదు అన్నాడు. ఎందుకంటే ఆ పద్యాల భాష వేరు, వాళ్ళు మాట్లాడే భాష వేరు. అక్షరాలు తెలుసు కాబట్టి చదవగలరు, అర్థం మాత్రం కొన్నిసార్లు పంతులుకే తెలియదు. ఇది చదివినప్పుడు నాకు ఫ్యాన్‌బాయ్స్ గుర్తొచ్చి సిగ్గేసింది.

బడులు ఎందుకు తగ్గుతున్నాయో కూడా ఆయన రాశాడు. ఇంగ్లండు బట్టలు వచ్చి ఇక్కడి నేతపనివాళ్ళ సంపాదన పడిపోయింది, కాబట్టి పిల్లలను చదివించే స్తోమత లేదు, కాబట్టి చిన్నప్పుడే పనికి పెడుతున్నారు. జిల్లాలో ఉన్న ఒక్క బడికి కూడా సర్కారు నుంచి పైసా అందడం లేదని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. తన దేశం చేసిన నష్టాన్ని తన పైవాళ్ళకే రాసి పంపాడు, అందుకే ఆయనంటే నాకు కొంచెం గౌరవం.

ఆ జిల్లా తర్వాత ముక్కలయింది. 1882లో అనంతపురం విడిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మా బంధువుల్లో సగం మంది ఆ పక్క కర్నూలు జిల్లాలోనే ఉన్నారు. పెళ్ళిళ్ళకు పోతే "మీరు కన్నడోళ్ళు" అంటారు. ఇక్కడ మాత్రం మేము ‘తెలుగు మైనారిటీ’. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలంటుంది. మా బడి తలుపు తెరిచి ఉండటానికి అలాంటి మాటలే ఆసరా.

ఇప్పుడు మా ఇంట్లో ఒక చర్చ నడుస్తోంది. తమ్ముడు మూడో తరగతి. వచ్చే ఏడు వాణ్ణి ఇంగ్లీషు మీడియంలో వేద్దామని నాన్న అంటున్నారు. అమ్మ ఏమీ అనడం లేదు. నా ఎర్రసిరా పేపరు చూపించి నాన్న, "చూడు, పదో తరగతిలో కూడా నీకు ఇంగ్లీషు రావడంలేదు" అన్నారు. నాకు జవాబు రాలేదు. పి.యు.సి. ఇంగ్లీషులో ఎలా చదవాలా అని నాకూ భయమే. కానీ అవ్వ మాటలో నా తప్పు దొరికిన రోజు నుంచి ఒక్కసారి కూడా ఆల్దో, బట్ కలిపి రాయలేదు. మూడేళ్ళుగా కంఠస్థం చేసిన రూలు చేయని పని అది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తెలుగు వాక్యం ఎలా కట్టారో ఎప్పుడూ చూడని పిల్లవాడు ఆ తప్పును ఎక్కడ వెతుక్కుంటాడు? ఈ మాట నాన్నకు ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం అచ్చయితే చదువుతారు కదా అని ఇక్కడ రాస్తున్నాను.

పోయిన శనివారం సార్ నన్ను ఏడో తరగతికి పంపి, కంజంక్షన్స్ నువ్వే చెప్పు అన్నారు. క్యాంప్‌బెల్ మెచ్చుకున్న పాత పద్ధతే. ‘వాన వచ్చినా’ అని బోర్డు మీద రాసి, ఆల్దో ఎక్కడ దాక్కుందో కనిపెట్టమన్నాను. ముందు బెంచీ పాప టక్కున ‘నా’ కింద గీత గీసింది. గీసి ఊరుకోలేదు, "అక్కా, మరి కన్నడ పరీక్షలో ‘బందరూ’ రాసి తర్వాత ‘ఆదరె’ రాస్తే దాన్ని కూడా కొట్టేస్తారా?" అనింది. కన్నడ టీచరును అడిగి సోమవారం చెప్తానన్నాను.