చెరువు మట్టి మీద అంతస్తులు

బెంగళూరులో పాత వాణిజ్య భవనాన్ని కూల్చి కొత్తది లేపబోయేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "యాభై ఏళ్లు భవనాన్ని మోసిన నేల ఇది, మళ్లీ పరీక్ష ఎందుకు?" ఆ ధీమా ఎంత ప్రమాదకరమో ఆ నగరం నేల చరిత్రే చెబుతుంది.

నేలను పరీక్షించి కట్టడం మనకు కొత్త కాదు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రెండు పరీక్షలు చెప్పాడు. మూరెడు గొయ్యి తవ్వి, అదే మట్టితో పూడ్చాలి. మట్టి మిగిలితే మంచి నేల, చాలకపోతే పనికిరాదు. అదే గొయ్యిని నీటితో నింపి, నూరడుగులు నడిచి తిరిగి వచ్చేసరికి నీరు తగ్గకుండా ఉంటే శ్రేష్ఠం. మొదటిది నేల బిగువును పట్టి చూపుతుంది, రెండోది నీరు ఇంకే గుణాన్ని. అయితే రెండూ మూరెడు లోతు దాటి చూడలేవు.

1537లో కెంపెగౌడ కట్టించిన బెంగళూరు పేటకు ఆ పాటి పరీక్ష సరిపోయింది. నగరం కింద ఉన్నది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ అనే గట్టి శిల. లాల్‌బాగ్ గుట్ట మీద అది కళ్లకు కనిపిస్తుంది. ఆ శిల శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టి, దాని కింది మొరం ఒకటి రెండు అంతస్తులను సులువుగా మోస్తాయి. మేస్త్రీలు గట్టి మొరం తగిలేదాకా తవ్వి, రాతి పునాది వేసేవారు.

చిక్కు చెరువులున్న పల్లపు భూములతో వచ్చింది. 19వ శతాబ్దం చివర హెసరఘట్ట నుంచి కొళాయి నీళ్లు వచ్చాక ఊరి చెరువుల అవసరం తగ్గిపోయింది. ధర్మాంబుధి చెరువు మీద మెజెస్టిక్ బస్టాండు వచ్చింది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. కోరమంగల చెరువులో జాతీయ క్రీడా గ్రామం లేచింది. చెరువు పోయింది గానీ, శతాబ్దాల పూడిక బంకమట్టి అక్కడే ఉంది. దాని మీద ఇటుక ముక్కలు, చెత్త, ఎక్కడిదో మట్టి పోసి చదును చేశారు. అటువంటి చోట వంద అడుగుల దూరంలోనే నేల గుణం మారిపోవచ్చు.

ఈలోగా ప్రపంచంలో భూమి లోపలికి చూసే విద్య ఎదిగింది. 1902లో బోస్టన్‌లో ఇంజనీరు చార్లెస్ గో నేలలోకి గొట్టం దించి మట్టి నమూనా తీశాడు. 1925లో ఇంజనీరు టెర్జాగీ మట్టి యాంత్రిక శాస్త్రానికి పుస్తకరూపం ఇచ్చాడు. మన దగ్గర 1981 నాటి ఐఎస్ 2131 ప్రమాణం ప్రకారం 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి అలాంటి గొట్టం మీద వదులుతారు. గొట్టం 45 సెంటీమీటర్లు దిగేదాకా దెబ్బలు లెక్కిస్తారు. మొదటి 15 సెంటీమీటర్లవి వదిలేసి మిగతా 30కి పడిన దెబ్బల సంఖ్యే 'ఎన్' విలువ; అది ఎంత ఎక్కువైతే నేల అంత గట్టిది. దాదాపు ఎకరం స్థలంలో సాదా భవనానికి నాలుగు మూలలా ఒక్కొక్కటి, నడుమ ఒకటి బోరు వేస్తే సరిపోతుందని 1979 నాటి ఐఎస్ 1892 సూచించింది.

బెంగళూరులో ఈ అయిదు బోర్లు చాలవని నా అభిప్రాయం. ఇక్కడి నైస్ శిల సమంగా శిథిలం కాలేదు. మెత్తని మట్టి నడుమ పెద్ద బండలు మిగిలిపోయాయి. బోరు బండకు తగిలి ఆగితే "గట్టి రాయి వచ్చింది" అని నివేదిక రాసేస్తారు. దాని కింద మళ్లీ మట్టే ఉండవచ్చు. రాతిని కడ్డీలా కోసి తీసే కోర్ బిట్‌తో రాతిలోకి కొన్ని మీటర్లు దిగితే తప్ప నిజం తేలదు. మెట్రో సొరంగం తవ్విన యంత్రాలు ఇలాంటి కలగలుపు నేలలోనే సతమతమయ్యాయి. 2023 జనవరిలో సొరంగం పని సాగిన బ్రిగేడ్ రోడ్డు దగ్గర రోడ్డు కుంగింది. అంతకుముందే భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన సీతారాం, అన్బళగన్‌లు సుమారు 850 బోర్ల వివరాలు కూర్చి నగరం భూకంప సూక్ష్మ మండలీకరణ చేశారు, అంటే భూకంపం వస్తే ఏ చోట ప్రభావం ఎంతో విడదీసి చూపారు. ఇంత విలువైన పని నగరానికి మరొకటి లేదంటాను.

పునర్నిర్మాణంలో ఇంకో చిక్కు ఉంది. పాత భవనం బరువుకు దాని కింది మట్టి ఎప్పుడో అణిగిపోయింది. పక్కన ఖాళీగా ఉన్న పార్కింగు స్థలం కింది మట్టి అణగలేదు. రెండింటి మీదా ఒకే కొత్త భవనం పరిస్తే ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా కుంగి గోడలు పగులుతాయి. పూడ్చిన బావులు, పాత పునాదులు, నేలమాళిగ తవ్వితే ఊరే నీరు వేరే. మూడు అంతస్తుల లోతున తవ్వితే పక్కవాళ్ల పునాదుల పరిస్థితి కూడా చూడాలి.

పెట్రోలు బంకు, లోహపు పూత కర్మాగారం ఉన్న స్థలమైతే నేల బలం ఒక్కటే చూస్తే చాలదు, కాలుష్యం ఉందేమో కూడా చూడాలి. పీణ్యా పారిశ్రామిక వాడ భూగర్భ జలాల్లో క్రోమియం కాలుష్యం అందరికీ తెలిసిందే. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025లో ప్రత్యేక నియమాలు తెచ్చింది.

స్థలం యజమానులకు నా విన్నపం. కూల్చే గునపం పడకముందే పాత సర్వే పటం తీయించి, అక్కడ చెరువో, కాలువో, బావో ఉందేమో చూడండి. ఆ తర్వాతే ఎక్కడెక్కడ బోర్లు వేయాలో నిర్ణయించండి. మీ బోర్ల నివేదికను బీరువాలో దాచకండి. పక్క స్థలంలో పునాది తవ్వబోయేవాళ్లకు ఒక నకలు ఇవ్వండి.