పిల్లలమర్రి మండపం, పల్లె బురుజు

ఇటలీలో సియెనా అనే పాత పట్టణం ఉంది. అక్కడి పురసభ భవనం పనులు 1297లో మొదలయ్యాయి. దాన్ని ఆనుకుని 1338, 1348 మధ్య దాదాపు 88 మీటర్ల గంట గోపురం కట్టారు. పట్టణాన్ని ఏలిన తొమ్మిది మంది కూర్చునే గదిలో, మంచి పాలనలో ఊరు ఎట్లా ఉంటుందో, చెడ్డ పాలనలో ఎట్లా పాడవుతుందో లోరెంజెట్టి అనే చిత్రకారుడు గోడల మీద బొమ్మలు వేశాడు. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్ళి చూసి వస్తారు. ఆ భవనానికి పునాది పడటానికి దాదాపు తొంభై ఏళ్ళ ముందే మా సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం పూర్తయి నిలబడింది. ఈ సంగతి మా జిల్లాలోనే చాలామందికి తెలియదు. నాకు బాధ కలిగించేది అదే.

పిల్లలమర్రి ఇప్పుడు చిన్న ఊరు. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్డి సామంతుల ముఖ్య స్థావరం. ఇదే రేచర్ల వంశంలోని మరో శాఖకు చెందిన రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. ఇక్కడ పిల్లలమర్రిలో నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయం కట్టించాడు. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. ఇవి కాక ముక్కంటేశ్వరుడి గుడి, చెన్నకేశవుడి గుడి ఉన్నాయి. ఇక్కడి శాసనాల్లో కాకతీయ రాజు రుద్రదేవుడి కాలపుది శక సంవత్సరం 1117 నాటిది, అంటే 1195. గణపతిదేవుడి కాలపుది శక 1130, అంటే 1208.

ఎరకసానమ్మ గురించి ఇంకొంచెం చెప్పాలి. సియెనా పాలక మండలిలో స్త్రీకి చోటు లేదు. మా దగ్గర ఒక సామంతుడి ఇల్లాలు తన పేరనే గుడి నిలబెట్టి, ఆ సంగతిని రాతి మీద చెక్కించింది. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఊరివాళ్ళ నోట ఆ గుడి ఆమె పేరుతోనే ఉంది. రుద్రమదేవి ఓరుగల్లు సింహాసనం ఎక్కడానికి అర్ధ శతాబ్దం ముందరి మాట ఇది. మా జిల్లా బడుల్లో ఎరకసానమ్మ గురించి ఒక పాఠమైనా ఉండాలని నా కోరిక.

ఎత్తైన పీఠం మెట్లెక్కి రంగమండపంలోకి వస్తే నునుపు తేరిన నల్లరాతి స్తంభాలు కనిపిస్తాయి. దగ్గరగా నిలబడితే మన నీడ వాటిలో పడుతుంది. నామేశ్వరాలయంలో ఒక స్తంభాన్ని వేలితో తట్టి, చెవి ఆనించి వినడం ఇక్కడికి వచ్చేవాళ్ళకు అలవాటు. క్షీరసాగర మథనాన్ని చూపే పాత రంగుల చిత్రం ఆనవాళ్ళు కూడా ఈ గుళ్ళలో ఉన్నాయి. కాకతీయుల నాటి చిత్రకళలో మనకు మిగిలింది చాలా తక్కువ కాబట్టి వాటి విలువ ఇంతా అంతా కాదు.

సియెనాలో చర్చి వేరు, పురసభ వేరు. దేని గోపురం దానిదే. మన దగ్గర ఆ రెండూ ఒకే కప్పు కింద ఉండేవని నా నమ్మకం. దేవుడి ఎదుట చేసిన దానం, ఇచ్చిన భూమి, తవ్విన చెరువు అందరూ చూసేలా రాతికెక్కేవి. మండపం ఊరికి కచేరీ, శాసన స్తంభం ఊరి దస్త్రం.

మరి గోపురం? మా పల్లెల్లో కావలి కాసింది బురుజు. దొంగల దండు వస్తే ముందు కనిపించేది దాని మీద ఉన్నవాడికే. తర్వాతి కాలంలో దేశ్‌ముఖుల గడీలు లేచాయి. అవీ అధికారానికి నిలయాలే, కానీ ఊరి సభలు కావు. చెప్పులు చేత పట్టుకుని లోపలికి వెళ్ళాల్సిన చోట ఊరు తన మాట ఎట్లా చెప్పుకుంటుంది? ఆ మాట చెప్పుకోవడానికి జనం వేరే చోటు వెతుక్కున్నారు. 1941లో కోదాడ దగ్గర చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. తర్వాతి ఏళ్ళలో సూర్యాపేట, మిర్యాలగూడ పల్లెల్లో వెట్టికి ఎదురు తిరిగిన జనం దాన్ని 'సంఘం' అని సొంతం చేసుకున్నారు. కప్పూ గోడలూ లేని పురసభ అది.

ఆ రోజుల్లో బురుజు కూడా మళ్ళీ జనం చేతికి వచ్చింది. ఇప్పటి సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లిలో ఊరివాళ్ళు బురుజెక్కి నిజాం పక్షపు రజాకార్లను ఎదిరించారు. 1948 ఆగస్టు 27న పెద్ద బలగంతో వచ్చిన రజాకార్లు ఊరి మీద పడి, పట్టుకున్నవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు. ఆ బురుజును చూడటానికి ఇప్పటికీ జనం వెళ్తారు. మా వైపు పేరు లేని బురుజులకు ఆ భాగ్యం లేదు. రాళ్ళు ఊడుతున్నా పట్టించుకునేవాళ్ళు తక్కువ. పంచాయతీలు కనీసం చుట్టూ పిచ్చిచెట్లు కొట్టించి, ఊరి పెద్దవాళ్ళకు గుర్తున్న సంగతులు రాయించి పెట్టాలి. ఆ పెద్దవాళ్ళు ఉండగానే ఈ పని జరగాలి.

పిల్లలమర్రికి పిల్లలను తీసుకుని పొద్దున్నే వెళ్ళండి. శాసనం దగ్గర కాసేపు నిలబెట్టి, అక్షరాలను కూడబలుక్కోమనండి. కొన్నింటిని వాళ్ళే గుర్తుపడతారు.