వేలి మందం

హెండర్సన్‌లో నేను తరచూ వెళ్ళే దారిలో బ్రూస్ మెక్‌లారెన్ రోడ్ ఉంది. చాలాకాలం అదెవరో పాత మేయరు పేరనుకున్నాను. రేసు కార్ల మెక్‌లారెనే అని తెలిశాక ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. ఆ చదువు తిరిగి తిరిగి నా కారు చక్రాల దగ్గరికొచ్చి ఆగింది.

బ్రూస్ 1937లో ఆక్లండ్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్ళప్పుడు తుంటి ఎముక జబ్బు చేసి దాదాపు రెండేళ్ళు మంచం పట్టాడు. ఎడమకాలు పొట్టిగానే ఉండిపోయింది. ఆ కుర్రాడే 1952లో, మాకు వాయవ్యంగా ఉన్న మురివాయ్‌లో, కొండదారి పోటీలో ఆస్టిన్ సెవెన్ నడిపాడు. 1922లో ఆ మోడల్ మొదలైనప్పుడు కుడి ఎడమ చక్రాల మధ్య దూరం 40 అంగుళాలే! 1959 డిసెంబరులో, 22 ఏళ్ళకే, సీబ్రింగ్‌లో అమెరికా గ్రాండ్ ప్రీ గెలిచాడు.

అదే 1959 మోడళ్ళకి పాంటియాక్ కంపెనీ చక్రాలను సుమారు 5 అంగుళాలు ఎడంగా జరిపి, 'వైడ్ ట్రాక్' అని ఊరూవాడా చాటింది. చక్రాలు ఎడమైతే మలుపులో బయటి టైర్ల మీదికి మొగ్గే బరువు తగ్గుతుంది. అయితే వాళ్ళు ఆ మార్పు కారు డిజైన్‌లోనే చేశారు.

నేను చేసింది వేరు. చక్రానికి 15 మిల్లీమీటర్ల చొప్పున, వేలి మందం స్పేసర్లు కొన్నాను. తర్వాత లెక్క వేశాను. కారు 1200 కిలోలు, గరిమనాభి ఎత్తు అర మీటరు, చక్రాల ఎడం మీటరున్నర అనుకుందాం. ఒక 'జీ' మలుపులో పక్కకి మారే బరువు 400 కిలోలు. స్పేసర్లు పెడితే 392. అంటే లాభం ఎనిమిది కిలోలు!

మరి నష్టమో? స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో, ఆ గీత నేలను తాకే చోటికీ టైరు మధ్యకీ ఉండే ఎడాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. 1972 ఆడీ 80లో దాన్ని కావాలనే రుణాత్మకంగా పెట్టారు, ఒక పక్క టైరు జారినా బ్రేకు వేస్తే కారు తిన్నగా ఆగాలని. స్పేసర్ అలాంటి లెక్కని 15 మిల్లీమీటర్లు చెరుపుతుంది. మీట పొడవు పెరిగి స్ప్రింగు మెత్తబడుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది. రథానికి సీల ఊడితే కైక వేలు పెట్టిందని నాయనమ్మ చెప్పేది. ఇక్కడ ఆ వేలి పని బోల్టులది. అవి పొడవు చాలకపోతే అంతే సంగతులు.

ఒక శనివారం బిగించాను. గతుకుల్లో బ్రేకు వేయగానే స్టీరింగ్ చేతిని లాగింది. పక్కసీట్లో మా అమ్మాయి ఉంది. సాయంత్రానికి విప్పేశాను.

1970 జూన్ 2న గుడ్‌వుడ్‌లో కొత్త కారు పరీక్షిస్తుండగా వెనకభాగపు బాడీ ఊడి, కారు అదుపు తప్పి బ్రూస్ చనిపోయాడు. 32 ఏళ్ళే. కారులో 'ఇదొక్కటే మారుద్దాం' అనేది ఉండదు. ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి. స్పేసర్ల పెట్టె ఇప్పుడు గ్యారేజీ అటక మీద ఉంది.