పిరమిడ్లు కట్టినవాళ్ళెవరు?

ఈజిప్టు చూసొచ్చిన ఎవరినైనా మనవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అంతంత రాళ్ళు మనుషులు ఎత్తగలరా అండీ?" నేనుండేది జంషెడ్‌పూర్‌లోని సోనారిలో. నన్నూ ఇక్కడ చాలామంది ఇదే అడిగారు. ఉక్కు కార్ఖానా మీద బతికే ఊళ్ళో ఈ ప్రశ్న రావడం విడ్డూరమే.

గీజాలో కూఫూ పిరమిడ్ ముందు నిలబడితే అనుమానం ఎవరికైనా వస్తుంది. మొదట్లో దాని ఎత్తు 146 మీటర్లు. సుమారు 23 లక్షల రాళ్ళు, ఒక్కోటి సగటున రెండున్నర టన్నులు. కట్టి 4,500 ఏళ్ళు దాటింది. అనుమానించడంలో తప్పు లేదు. ఆ అనుమానాన్నే జవాబుగా చెలామణి చెయ్యడం తప్పు. 1968లో ఎరిక్ వాన్ డానికెన్ తన పుస్తకంలో చేసిందదే. తనకు అంతుపట్టనివన్నీ గ్రహాంతరవాసుల ఖాతాలో వేశాడు. పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది.

ఇక రెండో కథ, బానిసల చేత కొరడాలతో కొట్టి కట్టించారన్నది. లక్షమంది చొప్పున మూడేసి నెలల వంతున 20 ఏళ్ళు పనిచేశారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆయన ఈజిప్టు వెళ్ళేనాటికే పిరమిడ్ కట్టి రెండు వేల ఏళ్ళు గడిచాయి! ఆయన విన్నది కూడా గైడ్ల మాటలే.

మరి నేల ఏం చెబుతోంది? 1990లో గీజా దగ్గర ఒక గుర్రం కాలు మట్టి ఇటుకల గోడకు తట్టుకుంది. తవ్వితే కార్మికుల సమాధులు బయటపడ్డాయి. బరువులు మోసి అరిగిన వెన్నుపూసలు, విరిగి మళ్ళీ సరిగా అతుక్కున్న ఎముకలు దొరికాయి. అంటే గాయపడ్డవాళ్ళకు వైద్యం జరిగింది. అక్కడికి దగ్గర్లోనే మార్క్ లేనర్ బృందం వాళ్ళు ఉన్న ఊరిని తవ్వింది. రొట్టెల బట్టీలు, పడుకునే వసారాలు, గుట్టలుగా పశువుల ఎముకలు కనిపించాయి. 20 నుంచి 30 వేల మందితో ఈ పని జరిగి ఉంటుందని అంచనా. రాజు కోసం వంతులవారీ వెట్టి ఉండేది, దాన్ని దాచనక్కర్లేదు. కానీ చేసింది మాత్రం మనుషులు.

2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో పియెర్ తాలె బృందానికి పపైరస్ కాగితాలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇంతకన్నా పాతవి లేవు. వాటిలో మేరెర్ అనే ముఠా మేస్త్రీ పనిచిట్టా ఉంది. తురా గనుల నుంచి సున్నపురాయిని పడవల్లో నైలు మీదుగా గీజాకు ఏ రోజు చేర్చారో అందులో రాసుకున్నాడు. కూఫూ కాలంలో కూఫూ పని మీద ఉన్న మనిషి రాసిన లెక్క అది. గ్రహాంతరవాసులకు హాజరు పట్టీ ఎందుకు?

లక్సర్‌లో రాజుల లోయకు అందరూ వెళతారు. ఆ సమాధులు తొలిచిన పనివాళ్ళ ఊరు దేర్ ఎల్ మెదీనా పక్కనే ఉంది. మా టూరు కార్యక్రమంలో అది లేదు, అడిగి వెళ్ళాం. మిగిలినవి మొండిగోడలే. క్రీ.పూ. 1157 ప్రాంతంలో మూడో రామ్సెస్ కాలంలో, తిండిగింజలు సమయానికి అందలేదని ఈ ఊరివాళ్ళు పని ఆపేసి గుడుల దగ్గరికెళ్ళి కూర్చున్నారు. చరిత్రలో నమోదైన మొదటి సమ్మె అదే. దాని వివరాలున్న పపైరస్ ఇటలీలోని టురిన్ మ్యూజియంలో ఉంది.

ఈ జబ్బు విదేశాలదే అనుకోకండి. తెలుగునాట పల్లెల్లో ఇనుపయుగపు పెద్దరాతి సమాధులను రాకాసి గుళ్ళని, పాండవుల గుళ్ళని అంటారు. కట్టిన మనుషులు జ్ఞాపకంలోంచి పోయారు, రాక్షసులు మిగిలారు. ఇక్కడ ఝార్ఖండ్‌లో ఇంకా అన్యాయం. పాత ఇటుకల దిబ్బలు, ఇనుప చిట్టెం కుప్పలు కనిపిస్తే అసురులవి అంటారు. పురాణం చదివినవాడికి అసురుడంటే రాక్షసుడు. కానీ అసుర్లు గుమ్లా, లాతేహార్ జిల్లాల్లో నేటికీ బతికున్న ఆదివాసులు. తరతరాలుగా ఇనుము కరిగించినవాళ్ళు. బతికున్న మనిషినే రాక్షసుణ్ణి చేసినవాళ్ళకి, చచ్చిన మేరెర్‌ను చెరిపెయ్యడం ఎంత పని?

మా ఊరి కార్ఖానా పని 1908లో మొదలైంది. 1912లో మొదటి ఉక్కు వచ్చింది. ఈ కొలుముల దగ్గర చెమటోడ్చినవాళ్ళలో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి రైలెక్కి వచ్చిన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఊరికి యజమాని పేరుంది. వాళ్ళలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

పార్థెనాన్‌ను మనుషులు కట్టారంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఈజిప్టువాడు, ఆదివాసి కట్టాడంటేనే నమ్మబుద్ధి కాదు. అందుకే శిథిలాలు చూడబోయేవాళ్ళకు నాదొక్కటే మనవి. రాజు పేరు గైడు అడక్కుండానే చెబుతాడు. రాయి మోసినవాళ్ళు ఎక్కడ పడుకున్నారో, ఏం తిన్నారో మీరు అడగండి.